పార్కులో డప్పు మోగించే ముందు

చిరంజీవి అబ్బయ్యకు, దీవెనలు.

ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవానికి నెల్లూరులో మీ కాలనీ పార్కులో యానాదుల, చెంచుల ఆటపాటలు పెట్టిస్తున్నావని తెలిసి చాలా సంతోషమైంది.

స్టేజీ మాత్రం వెయ్యొద్దు. ఇలాంటి ఆటలు ఎక్కువగా గుండ్రంగా తిరిగేవి. ఎత్తు మీదికి ఎక్కిస్తే మనకెదురుగా వరసలో నిలబడాల్సొస్తుంది, ఆట విరిగిపోతుంది. నేల మీదే 30 అడుగుల వెడల్పున సున్నంతో గుండ్రంగా గీత గీయించు. 20 మంది చేతులు పట్టుకుంటే 20, 22 అడుగులు పడుతుంది, మిగతా జాగా పిల్లలు మీద పడకుండా. ఉత్తకాళ్లతో ఆడతారు కాబట్టి పల్లేరుకాయలు, గాజుపెంకులు ముందురోజు ఒకసారి, ఆ పొద్దున మరోసారి ఏరించు. సాయంత్రం నాలుగింటికి నీళ్లు చిలకరించు. తడిపితే మాత్రం కాలు జారుతుంది.

ఇక డప్పు. మేకతోలు గాలిలో చెమ్మ పీల్చి వదులవుతుంది, ఖణేల్మనాల్సింది బొదబొదమంటుంది. సముద్రపు గాలి తిరిగిన సాయంత్రం మనవైపు అరగంటకే దిగిపోతుంది. అందుకని డప్పులు కాచుకునేందుకు మంట అడుగుతారు. గడ్డి మీద మంట వేస్తే గడ్డి మాడుతుంది, పార్కు వాళ్లతో గొడవ. పాత ఇనప బాండలిలో రెండంగుళాల ఇసుక పోసి, ఎండు కొబ్బరిమట్టలు, కాస్త వరిగడ్డి పక్కన పెట్టించు. రెండు బకెట్ల నీళ్లు దగ్గరుండాలి. డప్పును మంటకు మూరెడు ఎడంగా పట్టి, తిప్పుతూ, వేలితో మధ్యలో తట్టి చూసుకుంటారు. మరీ దగ్గర పెడితే తోలు చిట్లుతుంది. ఆ పని వాళ్లకే వదిలెయ్. ఫోటోల కోసం పిల్లలు తడిచేతులతో తోలు తాకకుండా, డప్పు కొట్టే పుల్లలు (చిర్ర, సిటికెన పుల్ల) ఎత్తుకుపోకుండా ఒక మనిషిని కాపలా పెట్టు.

డప్పుకు మైకు అక్కర్లేదు. పాట ఎత్తుకునే మనిషికి ఒకటి చాలు, అదీ డప్పులకు పదడుగుల దూరంలో, లేకపోతే ఆడవాళ్ల గొంతు మునిగిపోతుంది. స్పీకర్లు మైకు ముందుండాలి, వెనకుంటే కీచుమంటుంది. మైకుకు పోలీసు అనుమతి, పార్కుకు మున్సిపల్ కార్పొరేషన్ అనుమతి రాతపూర్వకంగా తీసుకో. 2000 నాటి శబ్ద నియమాల ప్రకారం ఇళ్ల మధ్య పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45, పది దాటాక స్పీకర్లు బంద్. తొమ్మిదికే ముగించు.

అన్నిటికంటే ముఖ్యం పిలిచే తీరు. ఫోనులో చెప్పి వదిలెయ్యకుండా వాళ్ల కాలనీకి వెళ్లి పెద్దలతో కూర్చో. దేవర దగ్గర మాత్రమే పాడేవి ఉంటాయి. బయట ఏది పాడొచ్చో వాళ్లే చెబుతారు. ఒక్కో గుంపుకు అయిదు నిమిషాలంటూ కత్తిరించొద్దు, పాట వేడెక్కడానికే అంత పడుతుంది. ఆకులు కట్టుకోమని, ఈకలు పెట్టుకోమని ఎవరైనా అంటే గట్టిగా ఆపు. అది వాళ్లను అవమానించడమే. వాళ్లు కట్టుకొచ్చిన చీరా లుంగీలే వేషం. మధ్యలో సినిమా పాటల డీజే పెట్టావంటే డప్పు గుంపు మళ్లీ మన పిలుపుకు రాదు.

ఎర్రగొండపాలెం, దోర్నాల గూడేల నుంచి వచ్చే చెంచులకు దారి రెండొందల కిలోమీటర్లపైనే. రెండు రోజుల కూలి పోతుంది. ఆ కూలీ, ఆటకిచ్చేదీ విడివిడిగా లెక్కగట్టి, ఆటకు ముందే చేతికివ్వు. ఆడబోయే ముందు మజ్జిగ, అటుకులు చాలు. కడుపునిండా తిని ఎగరలేరు. అన్నం ఆట అయ్యాక, మీ కాలనీవాళ్లతో కలిపి ఒకే బంతిలో. పడుకునేందుకు చోటు, పొద్దున తిరుగు వ్యాను ముందే మాట్లాడిపెట్టు, రాత్రి బస్టాండులో పడిగాపులు పడనివ్వొద్దు.

ఉంటాను,
మీ పెద్దనాయన