ప్రీలాంచ్ ప్లాటు: ఇప్పుడే కట్టేయాలా, ఆగాలా?

షాద్‌నగర్ వైపు ప్రీలాంచ్ (అనుమతులు రాకముందే అమ్ముతున్న) ప్లాటు, దసరా దాటితే గజానికి రెండు వేలు పెరుగుతుంది, ఈలోపే మొత్తం కట్టేయమంటున్నారు, ఏం చేయాలి అని అడిగారు. నేనైతే ఆగుతానండి. రేటు చూసి కాదు, కాగితాలు చూసి.

రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబర్ రాకముందు 500 చదరపు మీటర్లు దాటిన వెంచర్‌లో బుకింగ్ తీసుకోవడమే 2016 రెరా చట్టానికి విరుద్ధం. నంబర్ వచ్చాక కూడా అమ్మకపు అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా 10 శాతానికి మించి అడ్వాన్స్ తీసుకోకూడదు. మీ దగ్గర ఏకంగా మొత్తం అడుగుతున్నారు!

నేనూ ఒకసారి ఏసీ బస్సెక్కి, వాళ్లు పెట్టిన బిర్యానీ తిని, అక్కడికక్కడే టోకెన్ ఇచ్చాను. తర్వాత ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన తనఖాలు, లావాదేవీలు చూపే పత్రం) తీయిస్తే నా ప్లాటు తనఖాలో ఉంది. రోడ్లు, డ్రైనేజీ పూర్తయ్యేదాకా లేఅవుట్‌లో కొన్ని ప్లాట్లు అనుమతిచ్చిన సంస్థకు తనఖా పెడతారని అప్పటిదాకా తెలియదు. టోకెన్ వెనక్కి రావడానికి ఏడు నెలలు తిరిగాను.

అలాగని రేట్లు పడతాయని ఏళ్ల తరబడి కూర్చోమనడం లేదు. రెరా నంబరుంది, ఈసీ, లింక్ డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు) లాయర్ చూశారు, రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఏ నిషేధిత జాబితాలో సర్వే నంబర్ లేదు, ఆ డబ్బుతో అయిదేళ్లు పనిలేదు అనుకుంటే గజానికి అయిదొందల కోసం బేరమాడుతూ మంచి ప్లాటు వదులుకోకండి.

ముందు సర్వే నంబర్ అడగండి. నసిగితే ఫోన్ పెట్టేయండి.