వాళ్ల బాధ వినే నాకు నిద్ర పట్టట్లేదు

ప్రశ్న: నాకు 58 ఏళ్లు. విజయవాడ సింగ్‌నగర్‌లో పాస్టర్‌ని. 2024 సెప్టెంబరు బుడమేరు వరదల తర్వాత నుంచి 108 సిబ్బంది, ఫైర్ స్టేషన్ వాళ్ల దగ్గర కూర్చుని వాళ్ల బాధలు వింటున్నాను. మతంతో పని లేదు, జీతమూ లేదు. కొన్ని నెలలుగా వాళ్లు చెప్పిన ప్రమాదాలే కలలోకి వస్తున్నాయి. సైరన్ వింటే గుండెదడ. మందుల షాపులో అడిగి నిద్ర కోసం రోజూ రాత్రి అల్‌ప్రజోలం వేసుకుంటున్నాను. నా విశ్వాసం సన్నగిల్లిందా?

జవాబు: విశ్వాసం సంగతి పక్కన పెట్టండి పాస్టర్ గారూ, ముందు గుండె సంగతి చూద్దాం. ఈ వయసులో దడను టెన్షనే అనుకుని వదిలేయకూడదు. ఈ వారంలోనే ఈసీజీ, బీపీ, షుగర్, థైరాయిడ్ పరీక్షలు చేయించండి.

అవన్నీ బాగుంటే, ఇది సెకండరీ ట్రామాటిక్ స్ట్రెస్ కావచ్చు. ఘోరాన్ని కళ్లారా చూడకపోయినా, పదేపదే విన్నా, చూసినవాళ్లకు వచ్చే లక్షణాలే రావచ్చు. మాటలతో చేసే చికిత్సకు బాగానే లొంగుతుంది. సైకియాట్రిస్టును కలవండి. కలిసేదాకా 14416కు ఫోన్ చేయవచ్చు. టెలీ మానస్ అంటారు, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

అల్‌ప్రజోలం డాక్టరు చీటీ లేకుండా ఇవ్వకూడని మందు. అలవాటు పడతారు. అలాగని ఈ రాత్రే మానేయకండి. రోజూ వాడేవాళ్లు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

ఇక మీరు వినే పద్ధతి. మన దగ్గర మంచి మనసున్నవాళ్లందరూ చేసే పనే మీరూ చేస్తున్నారేమో: 'అసలేం జరిగింది, మొత్తం చెప్పు, బరువు దిగుతుంది' అనడం. దిగదు. జరిగిందంతా చెప్పమని బలవంతపెట్టొద్దనే ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. చెప్పేవాడికి గాయం మళ్లీ రేగుతుంది, ఆ దృశ్యం మీకూ అంటుకుంటుంది. తిన్నావా, పడుకున్నావా, ఇంట్లో ఎవరున్నారు అని అడగండి. అతనంతట అతను చెబితే వినండి. 'బతకాలని లేదు' అన్నాడంటే మాత్రం ప్రార్థనతో ఆపొద్దు. ఒంటరిగా వదలకుండా ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

అమెరికాలో చాలా ఫైర్ డిపార్ట్‌మెంట్లకు చాప్లిన్ అని ఒక మతగురువు ఉంటారు. 2001 సెప్టెంబరు 11న న్యూయార్క్‌ ఉగ్రదాడిలో చనిపోయినవాళ్లలో ఫాదర్ మైకల్ జడ్జ్ అలాంటివారే. మీరు చేసేదీ అలాంటి పనే, కానీ మీరు ఏ శాఖ పట్టికలోనూ లేరు కాబట్టి ఇవాళ చాలు, ఇంటికి వెళ్లండి అనేవాళ్లు ఉండరు. ఆ మాట అనే తోటి పాస్టరునో స్నేహితుణ్నో మీరే చూసుకోవాలి. మీకు మళ్లీ నిద్ర కుదిరేదాకా రాత్రిళ్లు వచ్చే ఫోన్లు ఆ పాస్టరుకో స్నేహితుడికో అప్పగించండి.