సోషల్ మీడియాలో కంప్లయింట్ పెడితే పనవుతుందా? మా పెద్దమ్మ పదివేల సంగతి చెప్తాను

ప్రశ్న ఏంటంటే, బ్యాంకులు, కరెంటు ఆఫీసులు, రైల్వే, కంపెనీలు అందరూ ఇప్పుడు సోషల్ మీడియాలో ఉన్నారు కదా, దానివల్ల మామూలు జనానికి ఏమైనా ఒరిగిందా అని. నేను ఒడిశాలో గజపతి జిల్లా పర్లాకిమిడి వాడిని, జిరాక్స్, రీఛార్జ్ షాపు పెట్టుకుని పదకొండేళ్లయింది. చదువు తక్కువున్నవాళ్లు, పెద్దవాళ్లు, ఫోన్ ఉన్నా టైప్ చెయ్యడం రానివాళ్లు, అందరి కంప్లయింట్లూ నా షాపులోంచే వెళ్తాయి. అందుకే ఈ విషయంలో నాకు తెలిసినంత చాలామందికి తెలీదని ధైర్యంగా చెప్తాను. పనవుతుంది. కానీ ఎవరికి అవుతుంది, ఎందుకు అవుతుంది అనేది వేరే కథ, అది చెప్పకుండా ఊరికే అవుతుంది అనేస్తే మోసం చేసినట్టే.

మా పెద్దమ్మకి మొన్న మే నెలలో జరిగింది చెప్తాను. జీడిపిక్కలు అమ్మిన డబ్బులు అకౌంట్‌లో పడ్డాయి. 3వ తారీఖున పాతపట్నంలో చుట్టాలింటికెళ్లి అక్కడే ఒక ఏటీఎంలో 10,000 తీయబోయింది. మిషను గరగరమని చప్పుడు చేసింది, స్లిప్పు రాలేదు, నోట్లు రాలేదు, ఫోన్‌కి మాత్రం 10,000 కట్ అయినట్టు మెసేజ్ వచ్చేసింది. పాతపట్నం అంటే మాకు పక్క ఊరే, కానీ అది ఆంధ్ర, ఇది ఒడిశా. అకౌంటేమో ఇక్కడి బ్రాంచిలో, ఏటీఎమేమో అక్కడ వేరే బ్యాంకుది. అక్కడ మొదలైంది తిప్పట.

మర్నాడు పొద్దున్నే పాసుబుక్కు చీరకొంగులో చుట్టుకుని బ్రాంచికి వెళ్లింది. కౌంటర్లో అబ్బాయి "మావుసీ, అది మా మిషను కాదు, ఆ బ్యాంకు వాళ్లనే అడగాలి" అన్నాడు. ఆటో కట్టించుకుని పాతపట్నం వెళ్తే వాళ్లు "కార్డు మాది కాదు కదమ్మా, మీ బ్యాంకులోనే చెప్పుకోవాలి" అన్నారు. మళ్లీ ఇక్కడికి వస్తే మేనేజర్ సారు లీవు. 17న మూడోసారి బ్రాంచికి వెళ్తే "రాసుకున్నాం, వస్తాయి" అన్నారంట, కాగితం ముక్క చేతికివ్వలేదు, కంప్లయింట్ నంబర్ ఇవ్వలేదు. అన్నిసార్లు తిరిగినా నాకు చెప్పలేదు, మేనల్లుడి పెళ్లి పనుల్లో ఉన్నాను కదా అని ఆగిందంట. 24న సాయంత్రం షాపుకొచ్చి స్టూలు మీద కూర్చుని "ఏట్రా నాన్నా, మిషనీలోంచి పైసా రానేదు, బేంకోలు కోసేసినారు, మరింక అవి రావేటి" అంది. ఆవిడ గొంతు చూసి నాకు కడుపులో తిప్పేసింది.

ఇక్కడ ఒక మాట తప్పకుండా చెప్పాలి, ఎందుకంటే ఇది ఎవరూ చెప్పరు. ఏటీఎంలో డబ్బులు రాకుండా అకౌంట్‌లో కట్ అయితే కంప్లయింట్ తీసుకోవాల్సింది మన కార్డు ఇచ్చిన బ్యాంకే, ఏటీఎం ఎవరిదైనా సరే. రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబర్ 20న సర్క్యులర్ ఇచ్చింది, లావాదేవీ జరిగిన రోజు తర్వాత 5 రోజుల్లోపు డబ్బు దానంతటదే వెనక్కి పడాలి, పడకపోతే ఆ తర్వాత ప్రతి రోజుకీ 100 రూపాయల చొప్పున బ్యాంకు మనకి కట్టాలి, అదీ మనం అడక్కుండానే. అంటే మా పెద్దమ్మని పాతపట్నం పంపించడమే తప్పు. కౌంటర్లో కూర్చున్న అబ్బాయికి ఈ సంగతి తెలీదంటే నేను నమ్మను.

సరే, ఆ రాత్రి తొమ్మిదిన్నరకి నేను ఎక్స్‌లో, అదే పాత ట్విట్టర్‌లో, బ్యాంకుని ట్యాగ్ చేసి ఇంగ్లీషులో పోస్టు పెట్టాను. తారీఖు, మొత్తం, సర్క్యులర్ సంగతి, అన్నీ. నాలుగంటే నాలుగు నిమిషాల్లో రిప్లై వచ్చింది. బ్యాంకు లోగో, బ్యాంకు పేరు పక్కన హెల్ప్ డెస్క్ అని, చాలా బాధపడుతున్నాం మీ మొబైల్ నంబర్ మెసేజ్‌లో పంపండి అని. నాకు సంతోషం పట్టలేదు, నంబర్ పంపేశాను. వెంటనే ఫోన్. హిందీలో మర్యాదగా మాట్లాడాడు, సార్ జీ సార్ జీ అంటూ, రీఫండ్ ఫారం వాట్సాప్‌కి పంపుతున్నాను, అమ్మగారి ఫోన్‌లో ఓపెన్ చెయ్యండి అన్నాడు. పెద్దమ్మ ఫోన్ నా చేతిలోనే ఉంది. ఫైలు నొక్కాను. అది ఫారం కాదు, యాప్. ఇన్‌స్టాల్ చేద్దామా అని అడిగి, ఆ తర్వాత మెసేజ్‌లు చదవడానికి పర్మిషన్ కావాలంది. అక్కడ నా వేలు ఆగింది. ఫారం నింపడానికి మెసేజ్‌లు చదవడం ఎందుకు? మెసేజ్‌లు చదివితే ఓటీపీలు చదివినట్టే కదా. ఫోన్ కట్ చేసి ఆ ఫైలు తీసేసి, అప్పుడు ఆ అకౌంట్ తెరిచి చూస్తే ఆ నెల్లోనే పెట్టింది, ఫాలోవర్లు ముగ్గురు. వాడు మళ్లీ ఆరుసార్లు చేశాడు. పెద్దమ్మ అకౌంట్‌లో ఇంకా 31,000 ఉన్నాయి, ఆ సంవత్సరం జీడితోట మొత్తం అదే.

ఈ దొంగలు ఎలా పట్టుకుంటారంటే, రీఫండ్, కంప్లయింట్, డబ్బు కట్ అయింది అనే మాటల కోసం రాత్రీ పగలూ వెతుకుతుంటారు. అసలు బ్యాంకు వాడు మర్నాడు చూస్తాడు, దొంగ నాలుగు నిమిషాల్లో చూస్తాడు. పైగా 2023 ఏప్రిల్‌లో, అకౌంట్ అసలుదే అని చూపించే పాత బ్లూ టిక్కులు తీసేసి డబ్బు కట్టినవాళ్లకే ఉంచాక టిక్కు చూసి నమ్మడం అనేది పోయింది. ఇప్పుడు కంపెనీలకి బంగారు రంగు, ప్రభుత్వానికి బూడిద రంగు టిక్కు ఉంటుంది, నీలం రంగుది ఎవడైనా కొనుక్కోవచ్చు. ఈ తేడా మా పెద్దమ్మకి ఎవరు చెప్తారు? ఆఫీసులు సోషల్ మీడియాలోకి రావడం వరకూ వచ్చారు, వాళ్ల వెనకాలే దొంగలూ వచ్చారు, గుమ్మంలో కాపలా మాత్రం పెట్టలేదు. ఇలాంటివాటిలో ఎవరికైనా డబ్బు పోతే ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి, మొదటి గంట చాలా ముఖ్యం.

మర్నాడు పొద్దున్న 11 దాటాక అసలు బ్యాంకు రిప్లై వచ్చింది, బంగారు టిక్కుతో. అసౌకర్యానికి చింతిస్తున్నాం, కంప్లయింట్ నంబర్ పంపండి అని. నంబరే ఇవ్వలేదు మీ బ్రాంచి అని అందరికీ కనపడేలా కిందే రాశాను. మధ్యాహ్నం రెండు గంటలకి బ్రాంచి నుంచి ఫోన్! సారే చేశారు. "అమ్మగారిని మా దగ్గరికి పంపించాల్సింది కదా, ఆన్‌లైన్‌లో ఎందుకు పెట్టారు" అన్నారు. మీ గుమ్మం ఎన్నిసార్లు తొక్కిందో మీ సీసీ కెమెరాలో చూసుకోండి సార్ అన్నాను. 26న పొద్దున్నే 10,000 పడిపోయాయి. ఆలస్యానికి డబ్బులు మాత్రం వెయ్యలేదు. 8వ తారీఖు లోపు పడాల్సింది 26న పడింది కాబట్టి 18 రోజులు, 1,800 రూపాయలు అని మళ్లీ పోస్టు పెడితే ఇంకో వారానికి అవీ వచ్చాయి. ఒకవేళ రాకపోయుంటే, బ్యాంకుకి కంప్లయింట్ ఇచ్చి 30 రోజులు దాటాక రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి, అంటే బ్యాంకుల మీద కంప్లయింట్లు వినే అధికారికి, పెట్టుకోవచ్చు, పైసా ఖర్చు లేదు, 14448కి చేస్తే వివరాలు చెప్తారు. అందుకే కంప్లయింట్ నంబర్ లేకుండా బ్రాంచి మెట్లు దిగొద్దు.

ఇప్పుడు నాకు మండేది ఎక్కడంటే, అదే మనిషి, అదే పాసుబుక్కు, అదే 10,000. ఎండలో నడిచొచ్చి అడిగితే 21 రోజులు కదలని పని, నేను రెండు లైన్లు ఇంగ్లీషులో రాస్తే రెండు రోజుల్లో ఎలా కదిలింది? డబ్బు వెనక్కి వెయ్యడానికి అడ్డం ఏమీ లేదనేగా అర్థం. పదిమంది చూస్తారన్న భయం తప్ప ఇంకోటి కాదు. ఫోన్ లేనివాడు, ఇంగ్లీషు రానివాడు, జిరాక్స్ షాపులో చెల్లెలి కొడుకు లేనివాడు లైన్లో వెనక్కి పోతున్నాడు. ఇంతకుముందు లైన్ కౌంటర్ ముందే ఉండేది, కనీసం కనపడేది.

రైల్వే వాళ్లని మాత్రం మెచ్చుకోవాలి. సురేశ్ ప్రభు మంత్రిగా ఉన్న 2014-17 రోజుల్లోనే ట్విట్టర్‌లో చెప్తే తర్వాతి స్టేషన్‌లో మనిషి వచ్చేవాడని వార్తల్లో వచ్చేది, ఇప్పుడు కంప్లయింట్లకి రైల్‌మదద్ యాప్ ఉంది, 139 నంబర్ ఉంది. గుణుపూర్ పాసింజర్‌లో బాత్రూంలో నీళ్లు లేవని ఒకసారి నేనే పెట్టాను, నౌపడ దాటేలోపు ఫోన్ చేసి అడిగారు. నీళ్లు విశాఖలోనే పట్టారనుకోండి, కానీ మనిషి మాట్లాడాడు.

వ్యాపారాల సంగతి చెప్పాలంటే మా వీధిలో ఒక వదిన వాట్సాప్ స్టేటస్‌లో చీరలు పెట్టి పిల్లల ఫీజులు కడుతోంది, నాకు చాలా గర్వం ఆవిడంటే. ఎందుకంటే ఆవిడ ఫొటో కిందే రేటు రాస్తుంది. ఇన్‌స్టాలో మాత్రం ఎవరిని చూసినా ధర కోసం మెసేజ్ చెయ్యండి, ధర ఇన్‌బాక్స్‌లో. ఎందుకండీ ఆ దాపరికం? ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు మొత్తం ధర ముందే చూపించాలని 2020లో ఈ-కామర్స్ రూల్స్ వచ్చాయి. మనిషిని బట్టి రేటు చెప్పడానికి తప్ప అలా దాచాల్సిన పని లేదు. అలాంటివాళ్ల దగ్గర నేను కొనను, నా షాపుకొచ్చేవాళ్లనీ కొననివ్వను.

ఇంకో పెద్ద బాధ భాష. పర్లాకిమిడి 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడ్డప్పుడు ఇటు వచ్చింది, కానీ మా వీధుల్లో ఇళ్లల్లో ఇప్పటికీ తెలుగే. పిల్లలు బడిలో ఒడియా చదువుతారు, పెద్దవాళ్లు ఒడియా మాట్లాడతారు గానీ చదవలేరు. కరెంటు ఎప్పుడు తీస్తారు, టీకా క్యాంపు ఎక్కడ, రేషన్ కార్డు ఈకేవైసీకి ఆఖరి రోజు ఎప్పుడు, అన్నీ ఇప్పుడు పేజీల్లో ఒడియాలో, ఇంగ్లీషులో వస్తాయి. ఇది ఒడిశా, ఒడియాలోనే పెట్టాలి, అందులో నాకు పేచీ లేదు. కానీ ఇదివరకు ఆటోకి మైకు కట్టి తిరిగేవాడు మా వీధి మలుపు తిరగ్గానే తెలుగులోకి మారిపోయేవాడు, పెద్దమ్మ వంటింట్లోంచే వినేది. పేజీ వచ్చాక మైకు ఆటో తగ్గిపోయింది. అటు పాతపట్నంలో మా చుట్టాలు ఆంధ్రా ప్రభుత్వం 2025 జనవరి 30న మొదలెట్టిన మనమిత్రలో, అంటే వాట్సాప్‌లోనే, తెలుగులో సర్టిఫికెట్లకి పెట్టుకుంటున్నారు, మొదట్లోనే 161 సేవలు ఇచ్చారు. అది చూసి పెద్దమ్మ "మన్దీ ఆ ఫోనే కదరా, మనకి రాదేటి" అంటుంది. ఆవిడకి సరిహద్దు గురించి ఏమని చెప్పను.

తిత్లీ తుఫాను కూడా గుర్తుచేసుకోండి, 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది, మా జిల్లా అల్లకల్లోలం అయిపోయింది. మా వీధిలో స్తంభాలు పడిపోయి కరెంటు లేదు, సిగ్నల్ లేదు, ఫోన్ ఛార్జింగ్ లేదు. భువనేశ్వర్‌లో ఉన్న మా తమ్ముడికి పేజీల్లో మా జిల్లా సంగతి అంతా తెలుసు, ఇక్కడున్న మాకే ఏమీ తెలీదు. బ్యాటరీ రేడియో ఉన్న ఇంటి అరుగు మీద కూర్చుని విన్నాం. అందుకే అన్నీ ఫోన్‌లోకి మార్చేసి, మైకు ఆటో, నోటీసు బోర్డు తీసేస్తామంటే నేను ఒప్పుకోను, ఎంత అప్‌డేట్ అయినా ఒప్పుకోను.

ఆఫీసుల పేజీలు నడిపేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక్క మాట. పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ, బరంపురం వైపు జనానికి పెట్టే పోస్టుల కింద రెండు లైన్లు తెలుగు కూడా పెట్టండి. రాసేవాళ్లు లేరంటే నాలాంటి షాపులు ఈ ఊళ్లన్నిట్లో ఉన్నాయి, నన్నడిగితే నేనే రాసిస్తాను, డబ్బులు వద్దు, రాత్రి తొమ్మిదిన్నర వరకూ షాపు తెరిచే ఉంటుంది.