కాలీఫ్లవర్‌లా కనిపించే నానోడైమండ్ ఫిల్మ్‌లో గ్రెయిన్ సైజు ఎలా తేల్చాలి?

మీరు సిలికాన్ మీద మైక్రోవేవ్ ప్లాస్మాలో, హైడ్రోజన్‌కి 4 శాతం మీథేన్ కలిపి, మైక్రాన్ మందం ఫిల్మ్ పెంచారు. ఎస్‌ఈఎం (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్)లో 200 నానోమీటర్ల కాలీఫ్లవర్ గుత్తులు కనిపించాయి. గ్రీన్ లేజర్ రామన్ (లేజర్ కాంతి ఫిల్మ్ మీద పడి చెదిరితే వచ్చే స్పెక్ట్రమ్)లో డైమండ్ గుర్తైన 1332 cm⁻¹ దగ్గర పీక్ అంతంతమాత్రం, 1140 దగ్గర మాత్రం స్పష్టంగా ఉంది. గ్రెయిన్ (ఫిల్మ్‌లోని ఒక్కో చిన్న స్ఫటికం) సైజు 200 అని, 1140ని నానోడైమండ్ పీక్ అని రాయొచ్చా అన్నది మీ ప్రశ్న. రెండూ రాయకండి.

ఆ గుత్తి ఒక్క గ్రెయిన్ కాదు, చాలా గ్రెయిన్ల ముద్ద. మీథేన్ ఎక్కువైతే పెరుగుతున్న ముఖం మీదే వేరే దిశలో కొత్త న్యూక్లియస్ (స్ఫటికపు మొలక) పుడుతుంది. దాన్ని సెకండరీ న్యూక్లియేషన్ అంటాం. పాత గ్రెయిన్ పెద్దది కాకముందే కొత్తది దాన్ని కప్పేస్తుంది. మీథేన్ 1 శాతానికి దిగితే కథ మారుతుంది: వేగంగా పెరిగే దిశ నిట్టనిలువుగా ఉన్న గ్రెయిన్లు పక్కవాటిని తొక్కేసి స్తంభాల్లా పైకి వస్తాయి. అలాంటి ఫిల్మ్ అడుగున 30 నానోమీటర్లున్న గ్రెయిన్ పైన 100 దాటొచ్చు. కాబట్టి మందం చెప్పకుండా గ్రెయిన్ సైజు ఒక్క అంకెగా ఇస్తే దానికి అర్థం ఉండదు.

మీ ఫిల్మ్ ఏ రకమో తెలియాలంటే పైనుంచి చూడటం ఆపి, వేఫర్‌ని వెనకవైపు గీరి విరిచి, విరిగిన అంచుని ఎస్‌ఈఎంలో చూడండి. స్తంభాలు ఉన్నాయా, ఇసుకరాయిలా ఉందా అన్నది అక్కడే తేలిపోతుంది. నేను ఏ ఫిల్మ్‌కైనా మొదట చేసేది ఇదే.

తర్వాత ఎక్స్‌ఆర్‌డీ, అంటే ఎక్స్‌రే డిఫ్రాక్షన్. కాపర్ కె-ఆల్ఫా ఎక్స్‌రేలతో డైమండ్ 111 (ఒక స్ఫటిక తలం) పీక్ 43.9 డిగ్రీల దగ్గర వస్తుంది. షెరర్ లెక్కన (పీక్ వెడల్పు నుంచి సైజు తేల్చే సూత్రం) గ్రెయిన్ 50 నానోమీటర్లైతే పీక్ వెడల్పు సుమారు 0.17 డిగ్రీలు, 10 అయితే 0.86, 5 అయితే 1.7. మెషీన్ సొంత వెడల్పుని స్టాండర్డ్ పౌడర్‌తో కొలిచి తీసేయాలి, లేకపోతే పెద్ద గ్రెయిన్ కూడా చిన్నదిగా లెక్కకొస్తుంది. ట్విన్లు (గ్రెయిన్ లోపల అద్దంలో బింబంలా తిరిగిన భాగాలు), స్ట్రెయిన్ (లోపలి సాగుడు) కూడా పీక్‌ని వెడల్పు చేస్తాయి కాబట్టి వచ్చిన అంకెని డొమైన్ సైజు అనడమే నిజాయితీ. గ్రేజింగ్ యాంగిల్‌లో, అంటే ఎక్స్‌రేలు ఉపరితలాన్ని రాసుకుంటూ వెళ్లేలా తీయండి, లేదంటే 69.1 దగ్గర సిలికాన్ 400 పీక్ మిగతావాటిని మింగేస్తుంది. శాంపిల్‌ని పట్టుకునే క్లిప్ రాగిదో స్టెయిన్‌లెస్ స్టీల్‌దో అయితే బీమ్‌కి తగలకుండా చూసుకోండి. వాటి 111 పీక్‌లు కూడా 43 దాటాకే, డైమండ్ పక్కనే వచ్చి కూర్చుంటాయి.

ఇక రామన్. 1140కి తోడుగా 1480 దగ్గర కూడా ఒక బంప్ ఉండాలి, మీ స్పెక్ట్రమ్‌లో చూడండి. ఈ జంట గ్రెయిన్ బౌండరీల్లో చిక్కుకున్న ట్రాన్స్-పాలీఎసిటిలీన్ (కార్బన్, హైడ్రోజన్ గొలుసు)ది అని ఫెరారీ, రాబర్ట్‌సన్ 2001లో చూపించారు. అంటే అది డైమండ్ పీక్ కాదు, హైడ్రోజన్ పట్టిన బౌండరీలు బోలెడున్నాయనడానికి పరోక్ష సూచన మాత్రమే. పరీక్ష సులువు: లేజర్ మార్చి తీయండి. 1332 కదలదు, 1480 కదులుతుంది. గ్రీన్ లేజర్‌కి ఎస్‌పీ2 (గ్రాఫైట్ తరహా) కార్బన్ డైమండ్ కన్నా యాభై రెట్లకు పైగా బలంగా స్పందిస్తుంది, అందుకే నిజంగా డైమండే అయిన ఫిల్మ్‌లో కూడా 1332 మునిగిపోతుంది. 244 నానోమీటర్ల యూవీ లేజర్ దొరికితే అదే ఫిల్మ్‌లో 1332 బయటపడుతుంది. గ్రీన్ స్పెక్ట్రమ్‌లో డి, జి బ్యాండ్ల (ఎస్‌పీ2 కార్బన్ పీక్‌ల) ఎత్తు చూసి "సగం గ్రాఫైటే" అని తేల్చడం తప్పు.

టీఈఎం (పలుచని ముక్క గుండా ఎలక్ట్రాన్లు పంపి చూసే మైక్రోస్కోప్) అవకాశం ఉంటే డిఫ్రాక్షన్‌లో 2.06, 1.26, 1.08 ఆంగ్‌స్ట్రామ్‌ల రింగులు రావాలి. 3.35 దగ్గర ఏదైనా కనిపిస్తే గ్రాఫైట్ ఉన్నట్టే. అయాన్ బీమ్‌తో లామెల్లా (టీఈఎంకి కావలసిన పలుచని ముక్క) తీస్తే చివరి పాలిష్ 5 కిలోవోల్ట్‌లకు మించనివ్వకండి. ఎక్కువ శక్తితో కోస్తే అంచున అమార్ఫస్ కార్బన్ పొర తయారవుతుంది, దాన్ని గ్రెయిన్ బౌండరీ అనుకునే ప్రమాదముంది.

సీడింగ్ (ఫిల్మ్ పెంచే ముందు సిలికాన్ మీద చిన్న డైమండ్ కణాలు పరవడం) గురించి మీరు రాయలేదు కానీ మైక్రోస్ట్రక్చర్ సగం అక్కడే నిర్ణయమవుతుంది. సీడ్ల మధ్య దూరం ఎంతో, ఫిల్మ్ పూర్తిగా కలిసిపోవడానికి ఇంచుమించు అంత మందం కావాలి. చదరపు సెంటీమీటరుకి 10^11 సీడ్లుంటే ఆ దూరం 32 నానోమీటర్లు, 10^9 అయితే 316. రెండోదానిలో అడుగున సందులు మిగులుతాయి. సిలికాన్ మీది ఆక్సైడ్ నీళ్లలో నెగటివ్‌గా ఉంటుంది కనుక పాజిటివ్ జీటా పొటెన్షియల్ (ద్రవంలో కణం మీది చార్జ్‌కి కొలత) ఉన్న, హైడ్రోజన్ పట్టించిన 5 నానోమీటర్ల నానోడైమండ్ ద్రావణం వాడండి. డీఅయొనైజ్డ్ నీళ్లే వాడాలి, కాస్త ఉప్పు తగిలినా కణాలు గడ్డకడతాయి. 10 నిమిషాలు అల్ట్రాసోనిక్ బాత్‌లో ముంచి, కడిగి, వెంటనే స్పిన్ చేసి ఆరబెట్టండి. చుక్క దానంతటది ఆరితే అంచున సీడ్లన్నీ ఒకచోట చేరి వలయం కడతాయి.

ముందు ఇదే సీడింగ్‌తో, ఇదే మందానికి, 1 శాతం మీథేన్‌తో ఇంకో ఫిల్మ్ పెంచి, రెండింటినీ విరిచి పక్కపక్కన పెట్టి చూడండి. మొదటి ఐదు నిమిషాలు మాత్రం మీథేన్ 5 శాతం ఉంచండి, లేకపోతే చిన్న సీడ్లని హైడ్రోజన్ ప్లాస్మా తినేస్తుంది. ఉష్ణోగ్రత, ప్రెషర్ రెండింటికీ ఒకటే ఉండాలి.