పలాస అమ్మాయి కథ చదివాక

శ్రీకాకుళం

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ చదివాను. జీడిపప్పు పరిశ్రమలో పనిచేసే అమ్మాయి ముఖం మీది ఎరుపును ఇంట్లోవాళ్లు జీడి నూనె చిట్లడం వల్ల వచ్చిందనుకోవడం నాకెంతో నచ్చింది. కానీ లూపస్ అని తేలిన రెండు పేజీలకే ఆమెను చంపేశావు. అది ఒప్పుకోలేను.

ఒంటిని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థే సొంత ఒంటిని పరాయిదనుకుని దాడి చేయడం లూపస్. ఒకరికి కీళ్లు, ఒకరికి చర్మం, మరొకరికి మూత్రపిండాలు. నెలల తరబడి అణగి ఉంటుంది, మళ్లీ లేస్తుంది. పూర్తిగా నయం చేసే మందు లేదు, అదుపులో ఉంచే మందులున్నాయి. వాటితో దశాబ్దాలు బతుకుతున్నవాళ్లు ఎందరో. నువ్వు రాయవలసింది ఆ బతుకు.

జీడిపిక్కలు ఆరబోసిన కళ్లంలోకి ఆమె వెళ్లనంటుంది. ఎండ తగిలితే జబ్బు తిరగబెట్టవచ్చు. తోటివాళ్లకు అది బద్ధకంలా కనిపిస్తుంది. 'చూడ్డానికి బాగానే ఉన్నావు కదా' అంటారు. పడుకుని లేచినా తీరని ఆ అలసటను ఎవరికీ చూపించడం ఆమెకు సాధ్యం కాదు. కథకు గుండెకాయ ఇక్కడుంది, నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు.

డాక్టరు ఒక్క రక్తపరీక్షతో తేల్చేయడం కూడా మార్చు. సొంత కణాల మీదికే తిరిగిన యాంటీబాడీలను రక్తంలో వెతికే ఏఎన్ఏ పరీక్ష ఆరోగ్యవంతుల్లోనూ పాజిటివ్ రావచ్చు. నోటిపూత, జుట్టు రాలడం, కీళ్లనొప్పులు, మూత్రంలో ప్రోటీన్, అన్నీ కలిపి చూసి చెప్తారు. మూత్రపిండాల మాట రాగానే పక్కింటావిడ 'ఉద్దానం జబ్బే' అంటుంది, అననివ్వు. కథ చెప్పే నువ్వు మాత్రం ఆ మాట అనకూడదు. మన జిల్లా ఉద్దానం ప్రాంతంలో ఎందరి మూత్రపిండాలనో పాడుచేస్తున్న ఆ రోగానికి కారణం ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. లూపస్ వల్ల దెబ్బతిన్న మూత్రపిండాన్ని బయాప్సీతో, అంటే చిన్న ముక్క తీసి చేసే పరీక్షతో గుర్తించవచ్చు, తొందరగా పట్టుకుంటే కాపాడుకోవచ్చు. మన జిల్లాలో ఈ రెంటినీ కలిపేస్తే చదివేవాళ్లకు హాని.

లూపస్ రోగుల్లో పదిమందికి తొమ్మిదిమంది స్త్రీలే, అదీ ఎక్కువగా పిల్లల్ని కనే వయసులో. కాబట్టి పెళ్లిమాటలు తప్పవు. ఇది అంటువ్యాధి కాదు. జబ్బు కనీసం ఆరునెలలు అణగి ఉన్నప్పుడు, డాక్టరు సలహాతో తల్లి కావచ్చు.

చావుకు బదులు నాకు తోచింది చెప్తాను. లూపస్‌ను అదుపుచేయడానికి ఇచ్చే స్టెరాయిడ్ మాత్రలతో ముఖం ఉబ్బుతుంది. పెళ్లిచూపులకు ముందు ఆమె ఎవరికీ చెప్పకుండా మాత్రలు మానేస్తుంది. అలా హఠాత్తుగా మానడం ప్రమాదం. జబ్బు తిరగబెడుతుంది, తల్లికి తెలుస్తుంది. ఆ రాత్రి వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో రాయి. నాకు పంపే ముందు ప్రతిని ఒక రుమటాలజిస్టుకు, అంటే కీళ్లజబ్బులు, లూపస్ లాంటివి చూసే డాక్టరుకు చూపించు.