యూదుడు క్రీస్తును నమ్మితే ఇంకా యూదుడేనా?

"యేసే యూదుడు కదా, మరి ఆయన్ని నమ్మిన యూదుణ్ణి సొంతవాళ్లే ఎందుకు వెలివేస్తారు?" అని ఒకరు అడిగారు. గుంటూరు దగ్గర బాప్టిస్టు ఇంట్లో పెరిగిన నాకూ ఒకప్పుడు ఇదే సందేహం.

న్యూజెర్సీలో ఉండగా ఆఫీసులో ఒక యూదు మిత్రుడు పస్కా (ఐగుప్తు బానిసత్వం నుంచి విడుదలను తలుచుకునే యూదుల పండగ) భోజనానికి పిలిచాడు. పులియని రొట్టె, పక్కన చేదు కూరగా తురిమిన హార్స్‌రాడిష్ అనే ఘాటు వేరు. నోట్లో పెట్టుకుంటే ఆవఘాటు ముక్కుకెక్కి కళ్లమ్మట నీళ్లొచ్చాయి. నిర్గమకాండంలో చదివింది కంచంలో కనబడేసరికి సంబరపడి, "మా ప్రభురాత్రి భోజనం కూడా ఇక్కణ్ణుంచి వచ్చిందే" అనేశాను. ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి వాళ్లమ్మగారు అన్నారు: "మా నాన్న దేవుణ్ణే నమ్మలేదు. అయినా ఆయన యూదుడు కాదని ఎవరూ అనలేదు. అదే బాప్తిస్మం తీసుకుని ఉంటే, చచ్చిపోయినట్టే లెక్కేసి మా తాత ఏడ్చేవాడు."

నాస్తికుడు పనికొస్తాడు గానీ క్రైస్తవుడు పనికిరాడా అని నాకు కొంచెం కష్టంగానే అనిపించింది. చరిత్ర తిరగేస్తే అర్థమైంది. 1492లో స్పెయిన్ రాజ్యం యూదులను బాప్తిస్మమో, దేశం విడిచిపోవడమో తేల్చుకోమంది. అలాంటివి చూసినవాళ్లకి బాప్తిస్మం అంటే తమను తరిమినవాళ్లలో కలవడమే.

బ్రదర్ డేనియల్ సంగతి చూడండి. పోలండ్ యూదుడు. నాజీల కాలంలో మీర్ అనే ఊళ్లోని ఘెట్టోలో (యూదులను నిర్బంధించిన వాడలో) ఉన్నవాళ్లకి ముందే కబురందించి చాలామందిని తప్పించాడు. తర్వాత క్యాథలిక్ సన్యాసి అయ్యాడు. యూదులు వస్తే పౌరసత్వం ఇచ్చే ఇజ్రాయెల్ చట్టం కింద యూదుడిగా పౌరసత్వం అడిగితే 1962లో సుప్రీంకోర్టు ఇవ్వలేదు. యూదు ధర్మశాస్త్రం ప్రకారం యూదు తల్లికి పుట్టినవాడు మతం మారినా యూదుడే. కానీ ఆ చట్టంలో 'యూదుడు' అంటే మామూలు జనం అనుకునే యూదుడేనని, క్రైస్తవుడైనవాణ్ణి జనం అలా అనుకోరని కోర్టు తేల్చింది. చివరికి మామూలు విదేశీయుడిలా దరఖాస్తు పెట్టుకుని పౌరసత్వం తెచ్చుకున్నాడు. నా మట్టుకు ఆ తీర్పు కఠినం.

తమాషా ఏంటంటే, మొదటి సంఘంలో గొడవ దీనికి తలకిందులు. అపొస్తలుల కార్యములు 15 చదవండి: అన్యులు, అంటే యూదులు కానివాళ్లు, సున్నతి లేకుండా చేరొచ్చా అన్నదే అక్కడి తగువు. పౌలు రోమా సంఘానికి రాస్తూ మనలాంటివాళ్లని అడవి ఒలీవ కొమ్మలన్నాడు, అంటు కట్టినవాళ్లం. ఆ రాత్రి ఆ బల్ల దగ్గర నేనేమో ఆ చెట్టుకి వేరు మేమే అన్నట్టు మాట్లాడాను.

పుట్టుకకీ నమ్మకానికీ ఈ పేచీ మనకి కొత్తేమీ కాదు. మా తాతలు మాదిగలు. చర్చికి వెళ్తాం కాబట్టి నా సర్టిఫికెట్‌లో ఎస్సీ లేదు, బీసీ-సి ఉంది. ఊళ్లో మమ్మల్ని పిలిచే పేరు మాత్రం మారలేదు.