పాంటూన్ పడవ కొనేముందు మీ ఇంటి మెట్లు లెక్కపెట్టుకోండి

హైదరాబాద్‌లో ఉంటూ కృష్ణలోనూ చుట్టుపక్కల జలాశయాల్లోనూ గాలం వేయడానికి ఒక్క మనిషికి సరిపోయే పాంటూన్ పడవ కొనాలనుకుంటున్నానని, నదికీ చెరువుకూ ఒకే పడవ పనికివస్తుందా అని, దానికి మోటారు బిగించాలా అని మీరు అడిగారు. ఈ విషయంలో సలహా చెప్పేవారు సాధారణంగా ట్యూబుల పొడవుతో మొదలుపెట్టి, గాలపు కర్రలు నిలబెట్టే గొట్టాలు ఎన్ని ఉండాలన్న దగ్గర ఆపేస్తారు. నేను తొమ్మిదేళ్లలో రెండు పాంటూన్లు కొన్నాను. మొదటిదాన్ని తప్పుగా ఎంచుకున్నాను, రెండోదాన్ని సరిగ్గా ఎంచుకున్నాను. ఆ అనుభవంతో మిమ్మల్ని ముందుగా ఒక్క ప్రశ్న అడుగుతాను: మీరు ఎన్నో అంతస్తులో ఉంటున్నారు?

మేము మల్కాజిగిరిలో మూడో అంతస్తులో ఉంటాము. నా మొదటి పాంటూన్ పది అడుగులది, స్టీలు ఫ్రేముది, తెడ్లు కాకుండానే నలభై ఒక్క కిలోలు తూగేది. దాని ఫ్రేములోని అతి పొడవైన గొట్టం మా లిఫ్టులో ఏటవాలుగా పెట్టినా పట్టలేదు కాబట్టి ప్రతిసారీ మెట్ల మీదుగానే దించవలసివచ్చేది. సెల్లారులో ఉంచుకుందామంటే, కారు నిలిపే చోటును గోదాముగా వాడుతున్నారని అపార్టుమెంటు సంఘంవారు నోటీసు అంటించారు. అదే సెల్లారులో ఒకాయన పాడైపోయిన ట్రెడ్‌మిల్లును ఆరేళ్లుగా ఉంచుకున్నాడు, దానికి మాత్రం ఎవరికీ అభ్యంతరం లేదు. తెల్లవారుజామున మూడున్నరకు నేనూ మా బావమరిదీ ఆ ఇనుమును మోసుకుంటూ దిగుతుంటే, రెండో అంతస్తు పెద్దావిడ ఎవరో ఇల్లు ఖాళీ చేసి పారిపోతున్నారనుకుని వాచ్‌మన్‌ను లేపిన రోజు కూడా ఉంది.

పాంటూన్ అనే పేరుతో రెండు వేర్వేరు వస్తువులు దొరుకుతాయి కాబట్టి ఒక మాట చెప్పాలి. అమెరికాలో ఆ మాట వినగానే చాలామందికి గుర్తొచ్చేది రెండు పెద్ద అల్యూమినియం గొట్టాల మీద ఇరవై అడుగుల వేదిక, దాని మీద సోఫాలు, వెనుక పెట్రోలు ఇంజను ఉన్న పడవ. 1950ల మొదట్లో మిన్నెసోటాలో ఆంబ్రోస్ వీరెస్ అనే రైతు ఇనుప పీపాలను వరసగా అతికి, పైన చెక్కలు పరిచి అలాంటిదాన్ని తయారుచేశాడు. రెండు నావల మీద బల్లలు పరిచి కృష్ణను దాటించిన మన బల్లకట్టును, గోదావరి రేవుల్లో లారీలను మోసే పంటును చూసినవారికి అందులో పెద్ద వింతేమీ కనిపించదు. మీరు అడుగుతున్నది రెండోరకం: గాలి నింపే రెండు ట్యూబులు, వాటి మధ్య ఫ్రేము, ఫ్రేము మీద ఒక కుర్చీ, రెండు తెడ్లు. విప్పితే కారులోనో, కారు పైనో పడుతుంది. నేను చెప్పేదంతా దీని గురించే.

ఇప్పుడు నా మొదటి పడవ నాకు పాఠం చెప్పిన రోజుకు వస్తాను. అది మే నెల. కొల్లాపూర్ దాటి సోమశిల దగ్గర శ్రీశైలం జలాశయపు వెనుకజలాలకు వెళ్లాము. వర్షాకాలంలో రోడ్డు దగ్గరికే వచ్చే నీరు ఎండాకాలంలో బాగా వెనక్కి పోతుంది. కారు ఆగిన చోటి నుంచి నీటి అంచు దాకా దాదాపు అర కిలోమీటరు బీటలు వారిన ఒండ్రుమట్టి, చివరి యాభై అడుగుల్లో పిక్కలు దిగబడే బురద. ఫ్రేముకు ఒకసారి, ట్యూబులకూ తెడ్లకూ ఒకసారి, మోటారుకూ బ్యాటరీకీ మరొకసారి, మొత్తం మూడుసార్లు తిరిగాము. అన్నీ బిగించి గాలి కొట్టేసరికి యాభై నిమిషాలు పట్టింది. చల్లటి వేళ, అంటే చేప ఎర అందుకునే వేళ, అలా మోతలోనే గడిచిపోయింది. మా బావమరిది, "బావా, నువ్వు పోయిరా, నేను కాసేపు నడుము వాలుస్తా" అని చెట్టు నీడకు వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం దాకా నీరు అద్దంలా ఉంది. ఒక జిలేబీ చేప పడింది, అరచేతికంటే కొద్దిగా పెద్దది. మూడు గంటల ప్రాంతంలో పడమట మబ్బు కమ్ముకుని ఈదురుగాలి లేచింది. తిరిగివద్దామని మోటారు వేస్తే అది పది నిమిషాలు మూలిగి ఆగిపోయింది. దాన్ని అమ్మిన దుకాణదారు "కారు బ్యాటరీ చాలు సార్, రోజంతా తిరగొచ్చు" అని నమ్మబలికాడు. కారు బ్యాటరీ ఇంజనును కదిలించడానికి కొన్ని క్షణాలపాటు గట్టిగా విద్యుత్తు ఇవ్వడానికి చేసినది. గంటల తరబడి నిదానంగా ఇవ్వమంటే దానికి చేతకాదు, అలా పూర్తిగా పీల్చేస్తే త్వరగా చచ్చిపోతుంది కూడా. ఈ సంగతి ఆ దుకాణదారుకు తెలియదని నేను నమ్మను.

ఇక తెడ్లు పట్టుకున్నాను. ట్యూబులు లావుగా, ఎడంగా ఉండడం వల్ల ఆ అయిదడుగుల తెడ్ల కొసలు మాత్రమే నీటికి అందేవి. లాగినప్పుడల్లా పిడులు మోకాళ్లకు తగిలేవి. పాంటూన్‌కు నీటిలో మునిగే భాగం తక్కువ, గాలికి అడ్డంగా నిలిచే భాగం ఎక్కువ. రెండు లావుపాటి ట్యూబులు, ఎత్తు కుర్చీ, అందులో నేను, అంతా కలిసి తెరచాపలా పనిచేశాము. ఇరవై నిమిషాలు శక్తికొద్దీ తెడ్లు వేశాక తలెత్తి చూస్తే, మా కారు అంతకుముందుకంటే చిన్నదిగా కనిపించింది. ఇంతలో ఎడమ తెడ్డు కూర్చునే ప్లాస్టిక్ కొండి టప్పుమని విరిగింది.

అప్పుడు వచ్చారు పుట్టిలో జాలరి దంపతులు. ఆమె వల సర్దుకుంటోంది, ఆయన ఒకే తెడ్డుతో, ఒక్క చేత్తో, ఏ తొందరా లేకుండా వస్తున్నాడు. గుండ్రటి పుట్టి గాలికి గిర్రున తిరగాలి కదా, తిరగలేదు. దగ్గరికి వచ్చి నా వాహనాన్ని ఈ కొసనుంచి ఆ కొసదాకా చూసి, "గిది పడవనా సారూ, నులకమంచమా?" అన్నాడు. మోకు విసిరి కట్టుకోమన్నాడు. నేను మా కారువైపు చూపిస్తే తల అడ్డంగా ఊపి, "గాలితోని కొట్లాడితె చేతులు పోతయి సారూ. అడ్డంగ పోయి గట్టు పట్టుకోవాలె, గాలి తగ్గెదాక కూసోవాలె" అని, పక్కనున్న చిన్న గుట్ట చాటుకు లాక్కుపోయాడు. ఆ గుట్ట వెనుక నీరు దాదాపు కదలకుండా ఉంది. అక్కడినుంచి ఒడ్డు వెంబడి మోకాలిలోతు బురదలో పాంటూన్‌ను తాడు కట్టి ఈడ్చుకుంటూ ఒకటిన్నర కిలోమీటరు నడిచాను. మా బావమరిది అప్పుడే నిద్రలేచి, "ఏమన్నా పడ్డాయా బావా?" అని అడిగాడు.

అందువల్ల నేను చెప్పే కొలత ఒక్కటే. సాయంత్రం నాలుగింటికి, అలసిపోయి, ఎదురుగాలిలో, మోటారు చచ్చిపోయాక, మీరు ఒక్కరే నడపగలిగి, ఒక్కరే మోసుకుని కారుదాకా తేగలిగిన పడవను కొనండి. మిగతావన్నీ దీని తరువాతే. ఇప్పుడు నా దగ్గర ఉన్నది ఎనిమిదడుగులది, అల్యూమినియం ఫ్రేముది, ఇరవై నాలుగు కిలోలది. కొనేముందు దుకాణంలోనే దాన్ని తూకం వేయించాను. తరువాత అక్కడే కుర్చీలో కూర్చుని, తెడ్లు బిగించి, గాల్లోనే పదిసార్లు లాగి చూశాను. పిడులు మోకాళ్లకు తగలకూడదు, తెడ్డు ఆకు మొత్తం ట్యూబు అడుగుమట్టం కంటే కిందికి దిగాలి, కాళ్లు తన్నిపెట్టుకోవడానికి గట్టి ఆధారం ఉండాలి. దుకాణంవాళ్లు నవ్వారు, నవ్వనీయండి. తెడ్లు ఆరున్నర అడుగులకు తక్కువైనవి నేను ఇక ముట్టుకోను, వాటి కొండ్లు లోహానివే కావాలి.

ఎంత బరువు మోస్తుందన్న లెక్క పెట్టె మీద అచ్చువేసిన అంకెకు వదిలేయకండి. 2.7 మీటర్ల పొడవు, 40 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న ట్యూబులు రెండూ కలిపి లెక్కకు 670 లీటర్లకు పైగా వస్తాయి. కొసలు సన్నబడతాయి కాబట్టి 600 అనుకోండి. లీటరు నీటిని పక్కకు నెడితే కిలో బరువు తేలుతుంది, అంటే సగం మునిగేసరికే 300 కిలోలు మోస్తుంది. అయితే సగం మునిగిన పాంటూన్‌ను తెడ్లతో లాగడం బురదలో ఎడ్లబండిని తోయడంతో సమానం. ఫ్రేము, మీరు, బ్యాటరీ, నీళ్లు, సామాను అన్నీ కలిపి ట్యూబుల్లో మూడోవంతుకు మించి మునగకుండా ఉంటేనే అది మీ మాట వింటుంది.

ఈ ఊరి ఎండ గురించి ఏ విదేశీ కరపత్రమూ చెప్పదు. ఉదయం అయిదింటికి, 25 డిగ్రీల వేడిలో, ట్యూబులో 2.5 పీఎస్ఐ (గాలి పీడనానికి కొలత) గాలి నింపి ఒడ్డున వదిలేశారనుకోండి. మధ్యాహ్నం నల్లటి ట్యూబు లోపల వేడి 60 డిగ్రీలకు చేరితే, అదే గాలి పీడనం దాదాపు 4.5 అవుతుంది. గాలిని పట్టి ఉంచే లోపలి సంచి, అంటే బ్లాడరు, నాణ్యమైనది కాకపోతే కుట్టు దగ్గర ఉబ్బి పగులుతుంది. నా మొదటి పడవ కుడి ట్యూబు సరిగ్గా అలాగే, నేను అన్నం తింటుండగా, తుపాకీ పేలినట్లు పేలింది. చల్లటి నీటిలోకి దించగానే పీడనం పడిపోయి ట్యూబు మెత్తబడడం దీనికి రెండో ముఖం. కాబట్టి ఒడ్డున కొద్దిగా తక్కువ నింపి, నీటిలో పెట్టిన పది నిమిషాలకు మళ్లీ నాలుగు పంపులు కొట్టండి, భోజనానికి ఒడ్డుకు వస్తే కొంత గాలి వదిలేయండి. ముదురు రంగుకంటే లేత బూడిదరంగు మేలు.

నదికీ చెరువుకూ ఒకటే సరిపోతుందా అన్నారు. మన దగ్గర ఆ తేడా అనుకున్నంత పెద్దది కాదు, ఎందుకంటే మనం నది అని వెళ్లే చోట్లలో చాలావరకు ఆనకట్ట వెనుక నిలిచిన నీరే. నిజంగా ప్రవాహం ఉన్నచోటికి వెళ్లేటట్లయితే ట్యూబుల కొసలు రెండువైపులా బాగా పైకి లేచి ఉండాలి, అడుగున రాళ్లకు తట్టుకునే మందపాటి పొర ఉండాలి. లంగరు వేస్తే పడవ ముందుకొసకో వెనుకకొసకో మాత్రమే కట్టాలి, పక్కకు కడితే ప్రవాహం ఆ పక్కను కిందికి నొక్కి తిరగేస్తుంది. లంగరు తాడు ఒక్క లాగుతో విడిపోయేలా ఉండాలి, దగ్గర కత్తి ఉండాలి. ఆనకట్టల దిగువన మాత్రం ఏ పడవతోనూ దిగవద్దు. 2014 జూన్‌లో హిమాచల్‌లోని బియాస్ నదిలో, లార్జీ ఆనకట్ట నుంచి ఒక్కసారిగా వదిలిన నీటికి మన హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. ఆ పిల్లలు పడవలో కూడా లేరు, రాళ్ల మీద నిలబడి ఉన్నారు. లైఫ్ జాకెట్‌ను కుర్చీకి తగిలించుకునేవారిని చూస్తే నాకు ఒళ్లు మండిపోతుంది.

ఎక్కడికి వెళ్లాలో మీరు అడగలేదు గానీ, పడవ ఎంపిక దాని మీదే ఆధారపడుతుంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ తాగునీటి కోసం కట్టినవి, వాటి జోలికి వెళ్లకండి. మంజీరా అభయారణ్యంలో మొసళ్లున్నాయి. గ్రామాల చెరువుల్లో చేపల హక్కు సాధారణంగా మత్స్యకారుల సహకార సంఘాలది. మనం సరదా అనుకునేది వాళ్లకు బువ్వ, అందుకని ముందుగా సంఘం పెద్దమనిషిని కలిసి, అడిగి, ఎంతంటే అంత కట్టి దిగడం మర్యాద. నగరంనుంచి వెళ్లి అడగకుండా దిగి, కొర్రమట్ట చేతిలో పట్టుకుని ఫొటోలు దిగేవాళ్ల వల్ల రెండు మూడు చోట్ల మాలాంటివారిని కూడా ఇప్పుడు దగ్గరికి రానివ్వడం లేదు.

మోటారు కావాలంటే చివరగా కొనండి, గంటల తరబడి నిదానంగా విద్యుత్తు ఇచ్చే డీప్ సైకిల్ బ్యాటరీతోనే కొనండి. 12 వోల్టుల, 100 ఆంపియర్ అవర్ల సీసపు బ్యాటరీ ముప్పై కిలోల దాకా తూగుతుంది, అందులో సగం వరకే వాడుకోవాలి. అదే సామర్థ్యంగల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ పన్నెండు కిలోల దగ్గర ఉంటుంది, ధర మాత్రం గుండె ఆగేలా ఉంటుంది. యంత్రం బిగించిన పడవలకు 2021 నాటి ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం కింద రిజిస్ట్రేషన్ వ్యవహారాలున్నాయి, కొనకముందే కనుక్కోండి. నేనైతే ఇప్పుడు మోటారు లేకుండానే వెళుతున్నాను. ఉదయం గాలికి ఎదురుగా వెళ్లి, తిరిగివచ్చేటప్పుడు గాలి వెనుకనుంచి తోసేలా ఒడ్డును ఎంచుకుంటాను, మబ్బు కనిపిస్తే గుట్ట చాటుకు చేరి కూర్చుంటాను.

పాత స్టీలు ఫ్రేమును అమ్ముదామంటే ఎవరూ కొనలేదు. మా ఆవిడ దానికి నవారు అల్లించి మేడ మీద వేసింది, ఈ ఎండల్లో దాని మీద వడియాలు ఎండుతున్నాయి.